పాత కంప్యూటరుకు పని చెప్పడం ఎలా? - డాస్ బ్యాచ్ ఫైళ్ళ పరిచయం

(తృతీయ సంవత్సరం బి.ఎస్సి. విద్యార్థి)

కంప్యూటరు అనగానే ఇవాళ మనకు రంగురంగుల తెర, దాని మీద చిన్నచిన్న బొమ్మలు, ఆ బొమ్మల్ని వేలితో తాకగానే జరిగిపోయే పనులు గుర్తుకొస్తాయి. బొమ్మను తాకడం వస్తే కంప్యూటరు వచ్చేసినట్టే అని మనలో చాలామంది అభిప్రాయం. తాకితే పని జరుగుతుంది, కాదనను. కాని ఒకే పని మూడొందలసార్లు చెయ్యాల్సి వస్తే మూడొందలసార్లు తాకుతూ కూర్చుంటామా? ఏ వరసలో చెయ్యాలో, ఎక్కడ ఆగాలో, తేడా వస్తే ఏం చెయ్యాలో ఒక్కసారి రాసిపెడితే చాలదూ? అలా రాసిపెట్టడాన్నే ఇంగ్లీషులో స్క్రిప్టింగ్ అంటారు. అది నేర్చుకోవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. మూలన పడేసిన పాత కంప్యూటరు చాలు. ఆ సంగతి నాకు తెలిసినంతలో, సైన్సు చదవనివారికి కూడా అర్థమయ్యేలా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డాస్ పుట్టుపూర్వోత్తరాలు

డిస్క్ ఆపరేటింగ్ సిస్టం అనే మాటల మొదటి అక్షరాలు కలిపితే డాస్. 1980లో అమెరికాలో సియాటిల్ కంప్యూటర్ ప్రాడక్ట్స్ అనే చిన్న కంపెనీలో టిమ్ పాటర్సన్ అనే ఇంజనీరు ఇంటెల్ 8086 ప్రాసెసర్ కోసం ఒక ఆపరేటింగ్ సిస్టం రాశాడు. 1981లో మైక్రోసాఫ్ట్ దాని హక్కులు కొనుక్కుంది. ఆ ఏడే ఆగస్టు 12న ఐబిఎం కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించింది. ఆ యంత్రంతోపాటే డాస్ కూడా లోకంలోకి వచ్చింది.

ఆ కంప్యూటరులోని 8088 ప్రాసెసర్‌కు మెమరీ చిరునామా పంపే తీగలు 20. అంటే అది చూడగలిగిన చోట్లు 2 ఘాతం 20, అనగా 10,48,576 బైట్లు. అందులో పైభాగం తెరకూ ఇతర సరంజామాకూ పోగా, ప్రోగ్రాములకు మిగిలింది 640 కిలోబైట్లు. ఇప్పుడు మన జేబులోని ఫోనుతో తీసిన ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. అయినా ఆ కాస్త చోటులోనే కంపెనీల జీతాల లెక్కలు, బ్యాంకు పద్దులు, ప్రయోగశాలల కొలతలు అన్నీ నడిచాయి.

1983లో వచ్చిన 2.0 రూపంతో డాస్‌కు రెండు మంచి గుణాలు అబ్బాయి. రెండూ యూనిక్స్ నుంచి తెచ్చుకున్నవే. ఒకటి, డైరెక్టరీలో డైరెక్టరీ పెట్టుకునే వీలు. రెండు, ఒక కమాండు తెర మీద చూపించేదాన్ని ఫైలులోకి మళ్ళించే వీలు. 1994లో వచ్చిన 6.22 విడిగా అమ్మిన ఎంఎస్-డాస్‌లలో ఆఖరిది. మన ల్యాబులో ఉన్నది అదే.

అసలు ఈ గొడవ ఎందుకు?

మన కెమిస్ట్రీ ల్యాబులో కిటికీ పక్కన స్పెక్ట్రోఫోటోమీటరుకు తగిలించిన పాత కంప్యూటరును చాలామంది చూసే ఉంటారు. ఆ పరికరం సాఫ్టువేరు డాస్ మీద తప్ప ఇంకెక్కడా నడవదు. మన సీనియర్లు కొన్ని బ్యాచ్‌లపాటు చుట్టుపక్కల 14 ఊళ్ళ పొలాల నుంచి మట్టి తెచ్చి, అందులో భాస్వరం ఎంతుందో కొలిచారు. ఒక్కో నమూనాకు ఒక్కో ఫైలు. అవన్నీ ఆ కంప్యూటరు హార్డ్ డిస్కులోనే ఉండిపోయాయి. ఇంకెక్కడా నకలు లేదు. పోయిన ఏడాది నుంచి ఆ డిస్కు తిరిగేటప్పుడు గరగరమని చప్పుడు మొదలైంది. యంత్రాన్ని తుక్కు కింద తీసేసే జాబితాలో కూడా చేర్చారు.

పోతే పోయింది, పాత లెక్కలే కదా అని కొందరు అన్నారు. రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి నేను ఆ మాట అనలేను. మాకు సాగర్ కాలువ కింద కొంచెం మాగాణి ఉంది. చేలో భాస్వరం సరిపడా ఉందని తెలిస్తే ఒక డిఎపి బస్తా తగ్గించుకోవచ్చు. తెలియకపోతే పక్క చేలో ఎంత వేస్తే మనమూ అంతే. ఒక ఏడు కొలతకూ ఇంకో ఏడు కొలతకూ పక్కపక్కన పెట్టి చూస్తేనే మట్టి ఎటు పోతోందో తెలుస్తుంది. అంచేత ఆ ఫైళ్ళను బయటికి తీయాలని మేం ముగ్గురం పూనుకున్నాం. మాకున్న దారి ఫ్లాపీ ఒక్కటే.

బ్యాచ్ ఫైలు అంటే?

పొద్దున్నే పక్క ఊరికి వెళ్తూ ఇంట్లోవాళ్ళకు పనులు చెప్పి వెళ్తాం: "కరెంటు వస్తే మోటారు వెయ్యి. కింద మడి నిండితే మడవ పైకి తిప్పు. కరెంటు రాకపోతే గడ్డి కోసుకురా." ఇందులో వరస ఉంది, షరతు ఉంది, షరతు తప్పితే చెయ్యాల్సిన పని కూడా ఉంది. ఇదే కాగితం మీద రాస్తే అదే బ్యాచ్ ఫైలు. డాస్‌లో మనం కొట్టే కమాండ్లను చదివి పని చేయించేది కమాండ్.కామ్ అనే ప్రోగ్రాము. కమాండ్లను ఒక ఫైలులో వరసగా రాసి, పేరు చివర .బ్యాట్ అని పెడితే, ఆ పేరు కొట్టగానే అది ఒక్కో వరుసే చదువుకుంటూ పోతుంది.

పేరు పెట్టడంలో ఒక నియమం ఉంది. పేరుకు 8 అక్షరాలు, చుక్క తర్వాత 3 అక్షరాలు మించకూడదు. పెద్ద పేర్లున్న ఊళ్ళను కుదించక తప్పదు.

ముందు నాలుగు పనిముట్లు పరిచయం చేసుకుందాం.

మొదటిది మళ్ళింపు. > గుర్తు పెడితే తెర మీదికి రావాల్సింది ఫైలులోకి పోతుంది, కాలువ నీళ్ళను మడవ తీసి మడిలోకి తిప్పినట్టు. కాని జాగ్రత్త! ఒక్క > పెడితే ఫైలులో పాతది చెరిగిపోయి కొత్తది వస్తుంది. రెండు, అంటే >> పెడితే పాతదాని కిందే కొత్తది చేరుతుంది. నల్ అనే పేరుకు మళ్ళిస్తే ఎక్కడికీ చేరదు, ఇసకలో పోసిన నీళ్ళన్నమాట.

రెండోది %1. బ్యాచ్ ఫైలు పేరు పక్కన మనం కొట్టే మొదటి మాట దీని స్థానంలోకి వస్తుంది. రెండో మాట %2. అలా %9 దాకా.

మూడోది గోటూ. కోలన్ పెట్టి రాసిన గుర్తు దగ్గరికి దూకమని అర్థం. ఆ గుర్తు పేరులో మొదటి 8 అక్షరాలనే డాస్ లెక్కలోకి తీసుకుంటుంది.

నాలుగోది ఎర్రర్‌లెవెల్. ఒక ప్రోగ్రాము పని ముగించి వెళ్తూ ఒక అంకె వదిలి వెళ్తుంది. పని సవ్యంగా జరిగితే సాధారణంగా 0. ఇక్కడే చాలామంది తడబడతారు. "ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 4" అంటే అంకె 4 అయితే అని కాదు, 4 గాని అంతకంటే ఎక్కువ గాని అయితే అని. అందుకే పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు పరీక్షించుకుంటూ రావాలి. "ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 0" ఎప్పుడూ నిజమే అవుతుంది, కాబట్టి దాన్ని ముందు రాస్తే మిగతా పరీక్షల దాకా పోనే పోదు.

ఎనిమిది బైట్ల ప్రోగ్రాము

మా పనిలో ఒక చిక్కు వచ్చింది. ఫ్లాపీలో ఆ ఊరి ఫైళ్ళు అప్పటికే ఉంటే, వాటి మీద మళ్ళీ రాయాలా వద్దా అని మనిషిని అడగాలి. బ్యాచ్ ఫైలులో నుంచి నడిపితే ఎక్స్‌కాపీ అడగదు, నేరుగా పాతవాటి మీద రాసేస్తుంది. అడగడానికి చాయిస్ అనే కమాండు 1993లో 6.0తో వచ్చిన మాట నిజమే. కాని దాన్ని మనమే తయారు చేసుకుంటే ప్రోగ్రాము అంటే ఏమిటో కూడా తెలుస్తుంది కదా అని డీబగ్ ముందు కూర్చున్నాం.

డీబగ్ అని కొడితే ఒక చిన్న గీత కనబడుతుంది. అక్కడ ఏ 100 అని కొట్టి, ఈ నాలుగు వరుసలు ఇవ్వాలి:

మూవ్ ఏహెచ్, 08
ఇంట్ 21
మూవ్ ఏహెచ్, 4సి
ఇంట్ 21

ఇంట్ 21 అనేది డాస్ సేవలు అందించే కిటికీ. సొసైటీ ఆఫీసులో కిటికీ ఒకటే అయినా ఏ పని మీద వచ్చామో ముందు చెప్పాలి గదా, అలాగే ఇక్కడ ఏహెచ్ అనే రిజిస్టరులో పని నంబరు పెట్టి పిలవాలి. 08 అంటే నొక్కిన మీట కోడును ఏఎల్ అనే రిజిస్టరులోకి తెచ్చి పెట్టమని. 4సి అంటే ప్రోగ్రాము ముగించి, ఏఎల్‌లో ఉన్న అంకెను ఎర్రర్‌లెవెల్‌గా వదలమని. మధ్యలో మనం ఏఎల్‌ను ముట్టుకోలేదు. కాబట్టి నొక్కిన మీట కోడే ఎర్రర్‌లెవెల్ అయి కూర్చుంటుంది.

తర్వాత ఖాళీ వరుసలో ఎంటర్ నొక్కి బయటికొచ్చి, ఎన్ అడుగు.కామ్ అని పేరు పెట్టాలి. ఆర్ సిఎక్స్ అని కొట్టి 8 ఇవ్వాలి, అది ప్రోగ్రాము పొడవు. డబ్ల్యు కొడితే డిస్కు మీద రాస్తుంది, క్యూ కొడితే వెళ్ళిపోతుంది. వరుసకు 2 బైట్ల చొప్పున మొత్తం 8 బైట్లు. ఇంతకంటే చిన్నదై ఇంత పనికొచ్చే ప్రోగ్రాము నేనింకా చూడలేదు.

మా బ్యాచ్ ఫైలు

ఇప్పుడు అసలు ఫైలు, దాని పేరు భద్రం.బ్యాట్. చదవడానికి వీలుగా కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను, కంప్యూటరు దగ్గర ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. పక్కనున్న అంకెలు మన చర్చ కోసమే, ఫైలులో ఉండవు.

1. @ఎకో ఆఫ్
2. ఇఫ్ "%1"=="" గోటూ వాడకం
3. ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్ సి:\మట్టి\%1\*.డాట్ గోటూ లేవు
4. ఎకో ఏ డ్రైవులో ఫ్లాపీ పెట్టి ఏదైనా మీట నొక్కండి
5. పాజ్ > నల్
6. ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్ ఏ:\%1\నల్ గోటూ కొత్త
7. ఎకో ఈ ఊరు ఫ్లాపీలో ఉంది. మళ్ళీ రాయాలంటే వై నొక్కండి
8. అడుగు
9. ఇఫ్ నాట్ ఎర్రర్‌లెవెల్ 121 గోటూ చాలు
10. ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 122 గోటూ చాలు
11. గోటూ రాయి
12. :కొత్త
13. ఎండి ఏ:\%1
14. :రాయి
15. ఎక్స్‌కాపీ సి:\మట్టి\%1\*.డాట్ ఏ:\%1 /వి
16. ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1 గోటూ తప్పు
17. ఎకో %1 >> సి:\మట్టి\లెక్క.టిఎక్స్‌టి
18. గోటూ చాలు
19. :వాడకం
20. ఎకో భద్రం అని కొట్టి పక్కన ఊరి పేరు ఇవ్వండి
21. గోటూ చాలు
22. :లేవు
23. ఎకో %1 పేరుతో ఫైళ్ళు లేవు
24. గోటూ చాలు
25. :తప్పు
26. ఎకో కాపీ పూర్తి కాలేదు. ఫ్లాపీ మార్చండి
27. :చాలు

భద్రం రావిపాడు అని కొట్టామనుకోండి. %1 ఉన్న ప్రతిచోటా రావిపాడు వచ్చి చేరుతుంది.

2వ వరుస: ఊరి పేరు ఇవ్వకుండా వట్టి భద్రం అని కొడితే పట్టుకుంటుంది. ఆ కొటేషన్ గుర్తులు అలంకారానికి కాదు. అవి లేకపోతే పోల్చడానికి ఎడమ పక్కన ఏమీ మిగలదు, డాస్ వాక్యం తప్పంటుంది.

6వ వరుస: డాస్‌కు ప్రతి డైరెక్టరీలోనూ నల్ ఉన్నట్టే కనబడుతుంది. నల్ లేదంటే ఆ డైరెక్టరీయే లేదని అర్థం. డైరెక్టరీ ఉందో లేదో తెలుసుకోవడానికి పాతకాలం వాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఇది.

9, 10 వరుసలు: చిన్నబడి వై అక్షరం కోడు 121. ఎర్రర్‌లెవెల్ పరీక్ష "అంతకంటే ఎక్కువ" అని కూడా చూస్తుంది కాబట్టి, 121 కంటే తక్కువైనా ఆగిపోవాలి, 122 గాని ఆపైన గాని అయినా ఆగిపోవాలి. రెంటి మధ్య దొరికేది 121 ఒక్కటే. వై కాకుండా ఏది నొక్కినా పాత ఫైళ్ళు పాతవాటిలాగే ఉంటాయి. సందేహం వచ్చినప్పుడు ఏమీ చెయ్యకుండా ఆగడం మేలని ఈ రెండు వరుసల సారాంశం.

15వ వరుసలో కాపీ వాడకుండా ఎక్స్‌కాపీ ఎందుకు? కాపీ అనేది కమాండ్.కామ్ లోపల ఉన్న కమాండు, అది ఎర్రర్‌లెవెల్ వదలదు. ఎక్స్‌కాపీ విడి ప్రోగ్రాము, వదులుతుంది. పని అయిందో లేదో చెప్పని మనిషికి పని అప్పజెప్పలేం కదా!

16 తర్వాతే 17 ఉండటం గమనించండి. కాపీ సవ్యంగా జరిగితేనే ఊరి పేరు లెక్క ఫైలులోకి ఎక్కుతుంది. ఈ రెంటినీ తారుమారు చేస్తే కాపీ కాని ఊరు కూడా అయినట్టు రాసుకుంటాం. కంప్యూటరు మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పదు.

ఇంకొక విషయం. ఊరికో డైరెక్టరీ ఎందుకు చేశాం? 1.44 మెగాబైట్ల ఫ్లాపీకి రెండు పక్కలు, పక్కకు 80 ట్రాకులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. గుణిస్తే 14,74,560 బైట్లు. మా ఫైలు ఒక్కోటి ఒక కిలోబైటు కూడా లేదు. మూడొందల ఫైళ్ళు సులువుగా పడతాయి అనిపిస్తుంది. కాని ఫ్లాపీ మొదటి డైరెక్టరీలో 224 పేర్లకే చోటుంది. ఆ పట్టిక నిండితే ముప్పాతిక ఫ్లాపీ ఖాళీగా ఉన్నా ఇంకొక ఫైలు పట్టదు. లోపల ఇంకో డైరెక్టరీ చేసుకుంటే దానికి ఆ హద్దు లేదు, అవసరమైన కొద్దీ పెరుగుతుంది.

చివరి జాగ్రత్త: కమాండ్.కామ్ బ్యాచ్ ఫైలు మొత్తాన్ని ఒకేసారి చదివి గుర్తుపెట్టుకోదు. వరుస వరుసకూ డిస్కు దగ్గరికి వెళ్ళి చదువుకుంటుంది. బ్యాచ్ ఫైలును ఫ్లాపీలో పెట్టి, మధ్యలో ఆ ఫ్లాపీ మార్చేస్తే, బ్యాచ్ ఫైలున్న డిస్కు పెట్టమని ఆగిపోతుంది. అందుకే భద్రం.బ్యాట్, అడుగు.కామ్ రెండూ సి డ్రైవులోనే ఉంచాలి.

ఏం దక్కింది, ఏం పోయింది?

క్లాసులు అయ్యాక వంతులు వేసుకుని మూడు వారాలు ఈ పని చేశాం. 14 ఊళ్ళలో 11 ఊళ్ళ ఫైళ్ళు పూర్తిగా దక్కాయి. ఫ్లాపీల నుంచి యుఎస్‌బి ఫ్లాపీ డ్రైవుతో ఇప్పటి కంప్యూటరులోకి తెచ్చాం. అవి మామూలు అక్షరాల ఫైళ్ళు కావడం వల్ల ఏ సాఫ్టువేరూ లేకుండానే తెరుచుకున్నాయి. మిగతా మూడు ఊళ్ళ డైరెక్టరీలు డిస్కులో పాడైన చోట ఉన్నాయి. ఎన్నిసార్లు ప్రయత్నించినా 25వ వరుసకే వచ్చింది. ఆ మూడింటిలో మా ఊరు ఒకటి.

ఇంట్లో చెప్తే మా నాన్న, "అంకెలు పోయాయి గాని మట్టి పోలేదుగా. ఈసారి కోత అయ్యాక మళ్ళీ తీసి ఇస్తాలే," అన్నారు. ఆ మాటలో ధైర్యం ఉంది. కాని వెనకటి ఏళ్ళ మట్టిని ఇప్పుడెవరూ తీసి ఇవ్వలేరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

తెలుగూ డాస్ కూడా

డాస్ అంటే ఇంగ్లీషే అనుకోవడం పొరపాటు. ఒక బైటులో 256 కోడ్లు పడతాయి. మొదటి 128 ఇంగ్లీషు అక్షరాలకూ అంకెలకూ పోగా, పై 128లో మన భారతీయ లిపులను అమర్చారు. ఆ పద్ధతి పేరు ఇస్కీ. 1991లో అది ఐఎస్ 13194 అనే సంఖ్యతో భారతీయ ప్రమాణం అయింది. ఐఐటి కాన్పూరులో మొదలై సి-డాక్‌లో పెరిగిన జిస్ట్ కార్డును కంప్యూటరులో బిగిస్తే డాస్ తెర మీద తెలుగు కనబడేది. ఇస్కీలో తెలుగు 'క'కూ హిందీ 'క'కూ కోడు ఒకటే, లిపి మాత్రమే మారుతుంది.

ఆసక్తి గల మిత్రులకు

ఇదంతా నేర్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. 1994 జూన్ 29న అమెరికాలో జిమ్ హాల్ అనే భౌతికశాస్త్ర విద్యార్థి, డాస్ ఆగిపోకూడదని, అందరికీ ఉచితంగా దొరికే డాస్ ఒకటి తయారు చేద్దామని ప్రకటించాడు. అదే ఫ్రీడాస్. దాని 1.0 రూపం 2006లో వచ్చింది. మనలాగే సైన్సు చదువుకుంటున్న కుర్రాడు మొదలుపెట్టిన పని అది. మైక్రోసాఫ్ట్ కూడా పాత ఎంఎస్-డాస్ మూల ప్రోగ్రాములను చదువుకునేవారి కోసం బయటపెట్టింది, 2024లో 4.0 రూపాన్ని సైతం. ఇంట్లో లాప్‌టాప్ లేనివారు ఎవరో పక్కన పడేసిన పాత యంత్రం మీద ఫ్రీడాస్ వేసుకుని ఈ వ్యాసంలోని ప్రతి వరుసా కొట్టి చూడవచ్చు.

ఆయా శాఖల అధ్యాపకులకు ఒక మనవి. మనం తీసే కొలతలు మామూలు అక్షరాల ఫైళ్ళలో, రెండు చోట్ల ఉంచే ఏర్పాటు చేయించండి. ఆ పనికి ప్రతి ఏడూ ఇద్దరు విద్యార్థులు దొరుకుతారు. నేను వెళ్ళిపోయేలోపు జూనియర్లకు నేర్పి వెళ్తాను.

విద్యార్థి మిత్రులకు రెండు అభ్యాసాలు. ఒకటి: పెద్దబడి వై నొక్కినా ఒప్పుకునేలా 9, 10, 11 వరుసలను మార్చి రాయండి. దాని కోడు 89. రెండు: 14 ఊళ్ళ పేర్లనూ ఒక్కొక్కటిగా కొట్టే పని లేకుండా, ఫర్ అనే కమాండుతో భద్రం.బ్యాట్‌ను వరసగా పిలిచే ఇంకో బ్యాచ్ ఫైలు రాయండి. ఒక బ్యాచ్ ఫైలు ఇంకొకదాన్ని వట్టిగా పిలిస్తే తిరిగి రాదు, ముందు కాల్ అని పెట్టాలి. జవాబులు రాసుకుని కెమిస్ట్రీ ల్యాబుకు రండి. ఆ యంత్రం ఇంకా అక్కడే ఉంది, ఇంకా నడుస్తోంది.